చక్రం లేని మీటరు – నేను చేసిన పొరపాటు
(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజనీరును కాను. ట్రెజరీలో ముప్పై మూడేళ్ళు గుమాస్తాగా లెక్కలు రాసినవాణ్ణి. అయినా కరెంటు మీటరు గురించి మాట్లాడడానికి సాహసిస్తున్నానంటే కారణముంది. ఆ మీటరు విషయంలో నేనొక తప్పు చేశాను. మీలో ఎవరూ అది చేయకూడదని నా కోరిక.

2012లో మా ఇంట్లో ముప్పై ఏళ్ళ పాత మీటరు తీసి ఎలక్ట్రానిక్ మీటరు బిగించారు. మరుసటి నెల నుంచి బిల్లు యాభై యూనిట్లకు పైగా పెరిగింది. మొదట మీటరును తిట్టాను. తరువాత పై వాటాలో అద్దెకున్న కుర్రవాడు, తనకు వేరే మీటరున్నా, మా లైనులోంచి కరెంటు లాగుతున్నాడని అనుమానించి నోరు జారాను. అతను మారుమాట్లాడకుండా నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేశాడు. బిల్లు మాత్రం తగ్గలేదు!

అప్పుడు ఎలక్ట్రికల్ డిప్లొమా చదివిన మా అక్కగారి మనవడు వచ్చి, "తాతయ్యా, ముందు మీటరు ఎలా పనిచేస్తుందో తెలుసుకో" అని కూర్చోబెట్టి చెప్పాడు.

పాత మీటరులో అల్యూమినియం చక్రం ఉండేది. వోల్టేజికి ఒక తీగచుట్ట, కరెంటుకు ఒక తీగచుట్ట. రెండింటి అయస్కాంత శక్తి కలిసి చక్రాన్ని తిప్పేది. అది అదుపు తప్పకుండా ఒక శాశ్వత అయస్కాంతం బ్రేకు వేసేది. ఏళ్ళు గడిచి ఇరుసు అరిగి, దుమ్ము పడితే చక్రం మందగించేది. చిన్న వాడకం లెక్కకు ఎక్కేది కాదు.

కొత్త మీటరులో తిరిగేది ఏదీ లేదు. దాన్ని మన ఆఫీసుతో పోల్చి చెబుతాను.

మొదటిది ఇన్‌వర్డు సెక్షను. ఇంట్లోకి పోయే కరెంటు అంతా షంట్ అనే చిన్న లోహపు ముక్క గుండా పోతుంది. దాని నిరోధం అత్యల్పం. 300 మైక్రో ఓములనుకుంటే, 5 ఆంపియర్లు పోయినప్పుడు దానిపై ఏర్పడే వోల్టేజి ఒకటిన్నర మిల్లీవోల్టు మాత్రమే. ఇంకోవైపు 230 వోల్టులను వరుసగా పేర్చిన రెసిస్టర్లు ఒక వోల్టు లోపుకు తగ్గిస్తాయి.

రెండవది లెక్కల గుమాస్తా, అంటే చిప్. అది ఈ రెండింటినీ సెకనుకు కొన్ని వేలసార్లు కొలిచి అంకెలుగా మార్చి, ఏ క్షణానికి ఆ క్షణం గుణించి కూడుతూ పోతుంది. కూడిక ఒక నిర్ణీత మొత్తానికి చేరగానే ఎర్ర దీపం ఒకసారి మిణుకుమంటుంది. మా మీటరుపై 3200 అని రాసి ఉంది. అన్నిసార్లు మిణుకుమంటే ఒక యూనిటు.

మూడవది రికార్డు రూము. కరెంటు పోయినా రీడింగు చెరిగిపోకుండా ఒక మెమరీ చిప్ దాచి ఉంచుతుంది.

నాలుగవది ఆడిటు. చాలా మీటర్లలో ఫేజులో పోయిన కరెంటును, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటును విడివిడిగా కొలిచి సరిపోలుస్తారు. తేడా వస్తే ‘ఎర్త్’ దీపం వెలుగుతుంది. రెండింటిలో ఎక్కువదానినే లెక్కలోకి తీసుకుంటుంది.

ఇక పరీక్ష. మీటరు తరువాత ఉన్న మెయిను ఆపాము. మిణుకు లేదు. అంటే మీటరు తనంతట తాను పరుగెత్తడం లేదు. మెయిను వేసి 100 వాట్ల బల్బు ఒక్కటే వెలిగిస్తే మూడు నిమిషాలకు 16 మిణుకులు రావాలి. మాకు 28 వచ్చాయి. బల్బు కూడా ఆర్పేశాము. అయినా పదిహేను సెకన్లకొక మిణుకు! పైగా ‘ఎర్త్’ దీపం వెలుగుతూనే ఉంది. పదిహేను సెకన్లకొకటి అంటే 75 వాట్లు. నెలకు 54 యూనిట్లు. నా లెక్క అణా పైసలతో తేలింది.

ఎలక్ట్రీషియను వెతికితే స్నానాలగది చెమ్మగోడలో పాత వైరు జాయింటు నుంచి కరెంటు భూమిలోకి కారుతోంది. ఆ గోడ కుళాయి దగ్గరే మా మనవరాలు రోజూ స్నానం చేసేది! వైరు మార్పించి, కరెంటు కారితే వెంటనే ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టించాను.

మిత్రులారా, మీటరు సీలు ఎవరూ ముట్టవద్దు. అది నేరం. మెయిను ఆపి దీపం చూడడం ఇంట్లో ఎవరైనా చేయగలిగిన పని. అనుమానం తీరకపోతే రుసుము కట్టి మీటరు పరీక్ష కోరవచ్చు. మీ మీటరుపై ఉన్న సంఖ్య వేరైతే లెక్క ఆ ప్రకారం మార్చుకోండి.

ఆ కుర్రవాడి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి క్షమించమన్నాను. "పరవాలేదండీ" అని కాఫీ ఇచ్చాడు. మళ్ళీ మా గుమ్మం మాత్రం తొక్కలేదు. మీటరు తప్పు రాయలేదు. సరిచూడకుండా సంతకం పెట్టిన గుమాస్తాను నేనే.