మంచుసీమలో మానవ దేహము

(సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



గోదావరి, కృష్ణా, పెన్నా తీరములనుండి ఉద్యోగరీత్యా ఉత్తరాదికి వచ్చి చేరిన తెలుగు కుటుంబమునకు మొదటి పుష్యమాసమే ఒక పరీక్ష. ఢిల్లీలో ఉష్ణమాపకము నాలుగైదు డిగ్రీలకు దిగిన ఉదయమున స్నానమునకు వేన్నీళ్లు, ఒంటికి స్వెట్టరు, రాత్రికి రజాయి లేనిదే దినము గడవదు. అచట మొదటి ఏడు చలిని తిట్టుకొనని తెలుగు గృహిణి ఉండదన్నను అతిశయోక్తి కాదు.

అయితే సైబీరియాలోని యాకుత్స్క్ నగరమున జనవరి మాసపు సగటు ఉష్ణోగ్రత సున్నకు దిగువ సుమారు 38 డిగ్రీలు. అచట 3 లక్షలకు మించిన జనులు కాపురము చేయుచున్నారు. పిల్లలు బడులకు, పెద్దలు కచేరీలకు పోయి వచ్చుచున్నారు. అదే సీమయందలి వెర్హోయాన్స్క్ అను చిన్న పట్టణమున 1892లో ఉష్ణోగ్రత సున్నకు దిగువ 67.8 డిగ్రీల వరకు పడిపోయినది. పూర్వము పాఠ్యపుస్తకములలో ఎస్కిమోలని వ్యవహరింపబడిన ఇన్యూట్ ప్రజలు అలాస్కా, ఉత్తర కెనడా, గ్రీన్లాండు తీరములందు, పైరు పండని నేలపై, తరతరములుగా జీవించుచున్నారు. అంతటి చలిలో మానవ దేహము ఎట్లు నిలుచుచున్నది? అందు దేహబలమెంత, బుద్ధిబలమెంత? ఇదియే ప్రస్తుతము విచారింపదగిన విషయము.

మానవుడు మూలమున ఉష్ణదేశపు ప్రాణి. అతని జన్మభూమి ఆఫ్రికా. వస్త్రములు లేని మానవుడు కదలక మెదలక తన దేహపు వేడిని నిలుపుకొనవలెనన్న, చుట్టునున్న గాలి 27, 28 డిగ్రీల వరకైనను ఉండవలెను. అంతకు తగ్గినచో దేహము రెండు ఉపాయములను పన్నును. మొదటిది పొదుపు. చర్మమునందలి సన్నని రక్తనాళములు ముడుచుకొని, వెచ్చని రక్తమును లోపలి అవయవములకు మరల్చును. చలిలో వ్రేళ్లు పాలిపోవుటకు ఇదియే కారణము. రెండవది ఆదాయమును పెంచుకొనుట. కండరములు వణకి వేడిని పుట్టించును. గట్టి వణకులో దేహము విశ్రాంతి వేళకంటె నాలుగైదు రెట్లు వేడిని పుట్టింపగలదు. ఇదియును ఇంటి జమాఖర్చు వంటిదే. ఖర్చు మించినచో నిలువ తరుగును. లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీలనుండి 35కు దిగినంతనే అపాయము ఆరంభమగును. 30 డిగ్రీలు సమీపించునప్పటికి వణకు ఆగిపోవును, తెలివి తప్పును.

ఇట్టి దేహముతోనే మానవుడు సుమారు 32,000 ఏండ్ల నాడు ఉత్తర సైబీరియాలోని యానా నదీతీరమును, అనగా ఉత్తర ధ్రువ వలయమునకును ఆవలనున్న చోటిని, చేరుకొనెను. అచటి త్రవ్వకములలో ఎముకతో చేసిన సూదులు దొరకినవి. ఆ సూదియే కథ యావత్తును చెప్పుచున్నది. చర్మమును కుట్టి తొడుగుకొనుట నేర్వనివాడు ఆ సీమలో ఒక్క శీతకాలమైనను దాటియుండడు.

అటులని దేహము ఏ మార్పును పొందలేదని భావింపరాదు. 1847లో బెర్గ్‌మన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు చలిదేశపు ప్రాణులు సామాన్యముగ పెద్ద దేహము కలిగియుండునని చెప్పెను. 1877లో ఆలెన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు అట్టి ప్రాణుల కాళ్లు, చెవులు, తోకలు పొట్టిగ నుండునని చూపెను. గుండ్రని పెద్ద కుండలో నీరు ఆలస్యముగ చల్లారును. వెడల్పు పళ్లెములో పోసినచో వెంటనే చల్లారును. ప్రాణి దేహమునకును అదే న్యాయము. ఇన్యూట్ ప్రజల విశాలమైన మొండెము, పొట్టి కాళ్లు చేతులు ఈ సూత్రములకు చాలవరకు సరిపోవుచున్నవి.

చేతుల విషయము మరింత విచిత్రమైనది. 1930లో ఇంగ్లండునందు సర్ థామస్ లూయిస్ అను వైద్యుడు వ్రేలిని మంచునీటిలో ముంచి పరీక్షించెను. మొదట రక్తనాళములు ముడుచుకొని వ్రేలు చల్లబడును, కొన్ని నిమిషముల పిమ్మట అవి తమంతట తామే తెరచుకొని వెచ్చని రక్తమును పంపును, మరల ముడుచుకొనును. ఇట్లు మార్చి మార్చి జరుగుటచే వ్రేలు చెడిపోక నిలుచును. ఇన్యూట్ వేటగాండ్రను కెనడా వైద్యులు 1950 ప్రాంతమున పరీక్షింపగా, వారి చేతులకు చలిలో రక్తప్రసరణము అధికమని తేలినది. అయితే చల్లని సముద్రపు నీటిలో వలలు లాగు జాలరులయందును, చేపలు కోయు పనివారియందును ఇట్టి గుణమే కొంతవరకు కనబడినది. కావున ఇందు పుట్టుకతో వచ్చిన భాగము కొంత, అభ్యాసముచే వచ్చిన భాగము కొంత అని గ్రహింపవలెను.

ఇక దేహమునందలి అగ్ని. విశ్రాంతిగ నున్నప్పుడు సహితము దేహము కొంత శక్తిని దహించుచుండును. ఉత్తర ప్రాంతవాసులలో ఈ దహనము అధికము. 1950 ప్రాంతమున అలాస్కాలో కోరె రొడాల్ అను నార్వే వైద్యుడు దీనికి మాంసాహారమే ముఖ్య కారణమని తలచెను. తరువాత సైబీరియాలోని యాకూత్, ఎవెంకీ ప్రజలను పరిశీలించినవారు ఆహారమొక్కటే దీనికి చాలదని, థైరాయిడ్ గ్రంథి కూడ ఇందు పాల్గొనుచున్నదని కనుగొనిరి. ఆయుర్వేదము జఠరాగ్ని శీతకాలమున ప్రబలమగునని చెప్పుట విన్నవారికి ఇది అంత వింతగ తోచదు.

అయినను ఉత్తరవాసి దేహము చలికంటె ఎక్కువగ తన ఆహారమునకు అలవడినదని ఇటీవలి పరిశోధనలు తెలుపుచున్నవి. కూరగాయలు, ధాన్యము లేని నేలపై సీలు, తిమింగిలము, చేప, కారిబూ లేడి ఇవియే ఆహారము. 1908లో డెన్మార్కు శాస్త్రజ్ఞులగు ఆగస్టు క్రో, మేరీ క్రో దంపతులు గ్రీన్లాండునకు పోయి ఈ ఆహారమును, దానిని దేహము జీర్ణించుకొను తీరును పరిశీలించిరి. కేవల మాంసముచే మనుష్యుడు బ్రతుకజాలడని వైద్యులు వాదించినప్పుడు, ఇన్యూట్ ప్రజలతో ఏండ్ల తరబడి మెలగిన స్టెఫాన్సన్ అను యాత్రికుడు 1928లో న్యూయార్కునందలి బెల్‌వ్యూ ఆసుపత్రిలో వైద్యుల పర్యవేక్షణమున మాంసాహార పరీక్షకు పూనుకొని, ఒక సంవత్సరము మాంసము మాత్రమే తిని ఆరోగ్యముగ నుండెను. ఆ పరీక్షారంభమున క్రొవ్వు లేని మాంసమునే పెట్టగా అతడు జబ్బుపడెను. క్రొవ్వు చేర్చగనే కోలుకొనెను. క్రొవ్వు విలువ ఇన్యూట్ గృహిణికి ఏ గ్రంథము చదువకయే తెలిసియున్నది.

పండు, కాయ లేనిచో స్కర్వీ వ్యాధి రావలెను గదా! పచ్చిగ తిను తిమింగిలపు చర్మములో, దానిని వారు మక్తక్ అందురు, సి విటమిను ఉన్నది. మాసముల తరబడి సూర్యుడు కనబడని చోట ఎముకలకు కావలసిన డి విటమిను చేపల క్రొవ్వునుండి, సముద్రజంతువుల క్రొవ్వునుండి లభించును. ధ్రువపు ఎలుగుబంటి కాలేయమును మాత్రము వారు ముట్టరు. అందు ఏ విటమిను విషప్రాయముగ అధికమని 1943లో రొడాల్, మూర్ అనువారు నిరూపించిరి. శాస్త్రము ప్రయోగశాలలో తెలిసికొన్నదానిని వంటయిల్లు ముందే ఎరిగియుండెను.

2015లో ప్రకటింపబడిన ఒక పరిశోధన గ్రీన్లాండు ఇన్యూట్ ప్రజల జన్యువులలో, క్రొవ్వును దేహము వినియోగించుకొను మార్గమునకు సంబంధించిన ప్రత్యేక మార్పులను చూపినది. అనేక తరములు సముద్రపు క్రొవ్వు తిన్నందున ఆ మార్పులు వారిలో స్థిరపడినవి. ఇందలి గుణపాఠము అందరికిని వర్తించును: ఒక జాతికి అమృతమైన ఆహారము మరొక జాతికి అట్లే పనిచేయునని అనుకొనరాదు. 1970 తరువాత డెన్మార్కు వైద్యులగు బాంగ్, డయర్‌బర్గ్ గ్రీన్లాండువాసుల రక్తమును పరీక్షించి చేపనూనె హృద్రోగమును వారించునని సూచింపగా, లోకమంతట చేపనూనె గుళికలకు గిరాకి ఏర్పడినది. గ్రీన్లాండులో హృద్రోగము నిజముగ తక్కువయా అను సంగతియే తరువాత సందేహములో పడినది.

ఆ సీమలో బుద్ధిబలము ఏపాటిదో ఒక చరిత్ర తెలుపును. 1845లో సర్ జాన్ ఫ్రాంక్లిన్ నాయకత్వమున రెండు ఆంగ్ల నౌకలు కెనడా ఉత్తరపు జలమార్గమును వెదక బయలుదేరినవి. వానిలో మూడేండ్లకు సరిపడు ఆహారము, ఆవిరియంత్రములు, గ్రంథాలయము ఉండెను. కింగ్ విలియమ్ ద్వీపము చెంత అవి మంచులో చిక్కుకొనెను. 129 మందిలో ఒక్కడును తిరిగి రాలేదు. 1903లో అదే ద్వీపమునకు నార్వే యాత్రికుడు అముండ్సెన్ ఆరుగురు తోడివారితో చిన్న పడవపై వచ్చి, రెండు శీతకాలములు అచటనే గడపెను. నెట్సిలిక్ ఇన్యూట్ ప్రజలకు శిష్యుడై, వారివలె చర్మపు దుస్తులు ధరించుట, కుక్కలబండి తోలుట నేర్చెను. ఆ రెండు శీతకాలములందు ఒక్క ప్రాణమును పోలేదు.

ఆ దుస్తులలోని మర్మము గమనింపదగినది. కారిబూ వెంట్రుకలలో గాలి నిలిచియుండును. లోపలి అంగీకి రోమములు దేహమువైపునకు, పై అంగీకి రోమములు వెలుపలివైపునకు ఉండును. వేడిమి ఎక్కువైనచో మెడ యొద్ద వదులు చేసి చెమట పట్టకుండ చూచుకొందురు. ఏలయన చెమటకు తడిసిన వస్త్రము చలిలో మృత్యువుతో సమానము. ఇవి యన్నియు కుట్టునది స్త్రీ. ఆమె కుట్టు సడలినచో వేటగాడు ఇల్లు చేరడు.

ఇట్లు వందల యేండ్లు నిలిచిన ప్రజలను ఇరువదవ శతాబ్దమున చలి బాధింపలేదు. బయటినుండి వచ్చిన మార్పు బాధించినది. మొదట క్షయ వచ్చినది. 1956 నాటికి కెనడాలోని ఇన్యూట్ ప్రజలలో ప్రతి ఏడుగురిలో ఒకరు దక్షిణమునందలి ఆసుపత్రులలో నుండిరి. సి. డి. హౌ అను ప్రభుత్వ నౌక ప్రతి వేసవిని తీరమునకు వచ్చెడిది. ఎక్స్‌రేలో వ్యాధి కనబడినవారిని, ఒడ్డున నున్న తల్లికైనను బిడ్డకైనను చెప్పి రానీయకయే తీసికొనిపోయిన సందర్భములు కలవు. చికిత్స అనేకుల ప్రాణములను కాపాడినది, నిజమే. కాని కొందరి మరణవార్త సహితము ఇంటికి చేరలేదు. సమాధి ఎచటనో తెలియలేదు. ఏండ్ల తరువాత తిరిగివచ్చిన పిల్లలు కొందరు తల్లిభాషను మరచిపోయి, కన్నతల్లితో మాటలాడలేకపోయిరి. 2019 మార్చిలో కెనడా ప్రధానమంత్రి ఇకాలుయిట్ పట్టణమున దీనికి బహిరంగముగ క్షమాపణ చెప్పెను. ఇరుకు ఇండ్లలో కిక్కిరిసి ఉండుటచే అచట క్షయ నేటికిని అంతరింపలేదు.

తరువాత వచ్చినది అంగడి ఆహారము. పిండి, పంచదార, తీపి పానీయములు ఓడలలోను విమానములలోను దిగినవి. 1960 ప్రాంతమున గ్రీన్లాండులో అరుదుగ నుండిన మధుమేహము నేడు సామాన్యమైనది. 2014లో శాస్త్రజ్ఞులు అచటివారిలో ఒక జన్యుభేదమును కనుగొనిరి. తల్లిదండ్రు లిరువురినుండియు దానిని పొందినవారు ఆ జనాభాలో నూటికి సుమారు నలుగురు. అట్టివారికి మధుమేహము వచ్చు అవకాశము ఇతరులకంటె ఇంచుమించు పదిరెట్లు. పంచదార లేని కాలమున ఆ భేదము ఎవరికిని కనబడక, హాని చేయక పడియుండెను. దేహము మారుటకు వేల యేండ్లు పట్టును. అంగడి మారుటకు ఇరువది యేండ్లు చాలును.

పాత ఆహారమునకు మరలుదమన్నను చిక్కు లేకపోలేదు. దూరదేశముల కర్మాగారములనుండి గాలిలోను నీటిలోను చేరిన పాదరసము, విషరసాయనములు సీలు, తిమింగిలముల దేహములలో పేరుకొనుచున్నవి. 1980 దశకమున ఉత్తర క్యుబెక్ నందలి తల్లుల పాలలో సహితము అట్టి విషరసాయనములు అధికముగ కనబడినవి. 2001 నాటి స్టాక్‌హోమ్ ఒడంబడిక తన పీఠికలోనే ఉత్తర ధ్రువవాసుల కష్టమును పేర్కొన్నది.

భారతదేశమునకును ఆ సీమతో నేడు సంబంధము కలదు. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ ద్వీపములలో భారత ప్రభుత్వపు 'హిమాద్రి' పరిశోధన కేంద్రము 2008 జూలైలో ప్రారంభమైనది. 2023 డిసెంబరులో తొలిసారిగ శీతకాలపు పరిశోధక బృందము అచటికి బయలుదేరినది. ఇక చదువులకు, ఉద్యోగములకు కెనడా, బ్రిటన్, స్వీడన్ దేశములకు తరలిన తెలుగు బిడ్డలు లేని వాడ నేడు అరుదు. వారి తలిదండ్రులు ఒక సంగతిని గుర్తుంచుకొనవలెను. నల్లని, చామనచాయ చర్మము ఎండనుండి డి విటమినును పుట్టించుటకు ఎక్కువ సమయము తీసికొనును. ఉత్తర దేశపు శీతకాలపు ఎండ అందుకు చాలదు. గత శతాబ్దమున గ్లాస్గో నగరమునందలి దక్షిణాసియా పిల్లలలో ఎముకలు వంగు రికెట్స్ వ్యాధి కనబడినది. ఫిన్లాండు 2003 నుండి పాలలో ఈ విటమినును కలుపుచున్నది. కావున బిడ్డలకు ఊరగాయ జాడీలతోపాటు, అచటి వైద్యుని సలహాపై డి విటమిను వాడుమను మాటను కూడ పంపుట మేలు.

చలి దేశములో మానవుని నిలిపినది దేహమొక్కటియే కాదు. తల్లి కుట్టిన అంగీ, తాత చెప్పిన మంచుగుర్తులు, వాని పేర్లను నిలిపిన భాష కూడ దేహముతోపాటు అతనిని కాపాడినవి. 1999లో కెనడాలోని ఇన్యూట్ ప్రజలు తమకొక ప్రత్యేక ప్రాంతమును సాధించుకొని దానికి 'నునావుట్' అని పేరిడిరి. వారి భాషలో దాని అర్థము 'మన భూమి'. అచట ఆరోగ్య విషయములను ఇన్యూట్ భాషలో చెప్పుటకును, వేటమాంసమును బడిపిల్లలకు, రోగులకు అందించుటకును కృషి జరుగుచున్నది. రోగికి మందు ఎంత అవసరమో, తన మాటలో పలుకరించువారును, తాను ఎరిగిన కూడును అంత అవసరమని ఆ ప్రజలు కష్టపడి నేర్చిన పాఠము. ఊరు విడిచి దూరదేశమున బ్రతుకు ప్రతి కుటుంబమును ఆ పాఠమును తలచుకొనదగును.