ఇంటర్వ్యూ గదిలో అడిగే ఆ ప్రశ్నలు



పనిచేసే చోట వేధింపుల గురించి, జీతాల్లో తేడాల గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. ఉద్యోగం చేతికి రాకముందే ఇంటర్వ్యూ గదిలో జరిగే వివక్ష గురించి మాత్రం తక్కువే మాట్లాడుకున్నాం.

ఈమధ్య ఎం.బి.ఏ. చదివిన ఒకమ్మాయి హైదరాబాదులో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్ళింది. రాతపరీక్ష, గ్రూప్ డిస్కషన్ దాటింది. చివరి ఇంటర్వ్యూలో చదువు గురించి అడిగింది రెండే ప్రశ్నలు. ఆ తర్వాత, "పెళ్ళయి ఎన్నాళ్ళయిందమ్మా? పిల్లలు ఎప్పుడనుకుంటున్నారు? అత్తగారు మీతోనే ఉంటారా? మీవారికి బదిలీ అయితే?" అడిగింది కూడా స్త్రీయే. ఎంతో ఆప్యాయంగా అడిగింది. ఆ ఆప్యాయతకే ఈ అమ్మాయి అన్నీ చెప్పేసింది. అదే పోస్టుకి వచ్చిన ఆమె క్లాస్‌మేట్‌కీ పెళ్ళయింది. అతన్ని మాత్రం జీతం ఎంత ఆశిస్తున్నారని అడిగారు. ఉద్యోగం అతనికొచ్చింది. "నేనేం తప్పు చెప్పాను మేడమ్?" అని ఆమె నన్నడిగింది.

ఇది కొత్త సంగతేం కాదు. 1989లో జీవిత బీమా సంస్థ ఉద్యోగానికి ఎంపికైన స్త్రీలు నింపాల్సిన ఫారంలో నెలసరి సక్రమంగా వస్తోందా, చివరిసారి ఏ తేదీన వచ్చింది, ఎన్నిసార్లు గర్భం వచ్చింది అనే కాలమ్‌లుండేవి. నీరా మాథుర్ కేసులో 1991లో సుప్రీంకోర్టు ఆ కాలమ్‌లు తీసెయ్యమంది. ప్రసూతి సెలవు పెట్టాక ఉద్యోగం పోగొట్టుకున్న ఆమెను తిరిగి తీసుకోమంది. మూడు దశాబ్దాల తర్వాత, 2022 జనవరిలో, మూడు నెలలు దాటిన గర్భిణులు తాత్కాలికంగా ఉద్యోగానికి పనికిరారన్న స్టేట్ బ్యాంకు నిబంధన బయటపడింది. గొడవయ్యాక బ్యాంకు దాన్ని వెనక్కి తీసుకుంది.

అవి కాగితం మీద ఉన్నాయి కాబట్టి దొరికిపోయాయి. నోటితో అడిగితే సాక్ష్యమేదీ? నియామకాల్లో వివక్ష కూడదని 1976 సమాన వేతన చట్టమే చెప్పింది. 2019 వేతనాల కోడ్ కూడా అదే మాట చెప్పింది. చట్టానికి లోటు లేదు.

దీని వెనక డబ్బు లెక్క కూడా ఉంది. 2017లో ప్రసూతి సెలవు 26 వారాలయింది. మనం పోరాడి అడిగిందే, సంతోషం. కానీ ఇ.ఎస్.ఐ. ఉన్నవాళ్ళకి ఆ డబ్బు ఇ.ఎస్.ఐ. నిధి నుంచి వస్తుంది. మిగతావాళ్ళకి భారమంతా యజమానిదే. పెళ్ళయిన అమ్మాయి ఎదుట కూర్చోగానే అతను లెక్కలు మొదలుపెడతాడు. ఆ ఖర్చు సమాజమంతా పంచుకోవాలని మనం ఎందుకు గట్టిగా అడగడం లేదు? సెలవు తగ్గించమనే వాళ్ళకి మన మౌనం పనికొస్తోంది.

ఆ అమ్మాయి చేత ఇంటర్వ్యూ అంతా రాయించాను. తేదీ, గదిలో ఎవరెవరున్నారు, ఏ ప్రశ్న తర్వాత ఏ ప్రశ్న, అన్నీ కలిపి రెండు పేజీలు. జ్ఞాపకం పచ్చిగా ఉండగానే రాయించడం ముఖ్యం. మీ దగ్గరికి వచ్చేవాళ్ళ చేత కూడా ఇలాగే రాయించండి. ఒక్క కాగితాన్ని కార్మిక శాఖ పక్కన పడేస్తుంది. ఇరవై కలిపి తీసుకెళ్దాం.