థైరాయిడ్ కణం గడప దగ్గర సోడియం



గొంతు ముందు భాగాన సీతాకోకచిలుక ఆకారంలో ఉండే గ్రంథి థైరాయిడ్. దాని కణాలు పనిచేస్తున్నంతసేపూ లోపల ఆమ్లం పుడుతూనే ఉంటుంది. అది పేరుకుంటే ఎంజైముల పని కుంటుపడుతుంది. అందుకే కణపు పొరలో ఒక మారకపు ద్వారం ఉంది. ఒక సోడియం అయాన్‌ను లోపలికి రానిచ్చి, ఒక హైడ్రోజన్ అయాన్‌ను బయటకు పంపుతుంది. వచ్చిన సోడియాన్ని వేరొక పంపు శక్తి ఖర్చుపెట్టి తోడేస్తుంది: మూడు సోడియంలు బయటకు, రెండు పొటాషియంలు లోపలికి. కాబట్టి కణంలో సోడియం ఎప్పుడూ తక్కువే.

ఆ తేడాయే అయొడైడ్‌ను కూడా లోపలికి లాగుతుంది: రెండు సోడియంల వెంట ఒక అయొడైడ్. ఈ ద్వారపు జన్యువును 1996లో న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ వైద్య కళాశాలలో నాన్సీ కరాస్కో బృందం వెలికితీసింది.

రక్తంలో అయొడిన్ లేకపోతే ద్వారాలుండి ఏం లాభం? గాయిటర్ ఎక్కువగా ఉన్న మిషిగన్‌లో 1924లో అయొడిన్ ఉప్పు అమ్మకం మొదలైంది అందుకే. ఆవకాయ కల్లుప్పులో, కోషర్ ఉప్పులో సాధారణంగా అయొడిన్ కలపరు. ఉప్పు ఎక్కువ తినమని కాదు. ఇంటికెళ్ళాక డబ్బా మీద ‘అయొడైజ్డ్’ అని ఉందో లేదో చూడండి. గర్భిణులున్న ఇంట్లో తప్పక చూడండి. థైరాయిడ్ జబ్బున్నవారు మాత్రం ముందు డాక్టరునడగండి.