వేసవి రాత్రి చుక్కలకు ఛాయాచిత్రము

(హోసూరులో జరిగిన తెలుగు కుటుంబముల వేసవి సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన సమావేశములలో తెలుగు తరగతుల సంగతియో, పాఠ్యపుస్తకముల సంగతియో ముచ్చటించుకొనుట పరిపాటి. నేడు కార్యదర్శిగారు మమ్ము ఆకాశమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమనిరి. మేము ఖగోళశాస్త్ర పండితులము కాము. వేసవి రాత్రులందు డాబామీద చాప పరచుకొని కెమెరాతో చుక్కలను పట్టుకొను అలవాటు గలవారము మాత్రమే. అయినను ఆ అలవాటునుండి ఒక ఆలోచన పుట్టినది. ప్రతి కుటుంబమును చేయదగినదియు, వేర్వేరు ఊళ్లలోని మన కుటుంబములు కలిసిననే పూర్తియగునదియు అయిన పని యొకటి కలదు. దానిని మీ ముందుంచెదము.

గత వేసవిలో ఒక రాత్రి ఇంటిపిల్లలను డాబామీద కూర్చుండబెట్టి ఉత్తరమున నున్న ఏడు చుక్కలను చూపితిమి. పెద్దమ్మాయి వానికి ఇంగ్లీషు పేరు చెప్పినది. చిన్నవాడు బడిలో విన్న తమిళపు పేరు చెప్పినాడు. ఇంతలో మా ఇంటి ముసలమ్మగారు, "అవి మంచపుకోళ్లు కదరా!" అనిరి. పిల్లలు నవ్విరి. నాలుగు చుక్కలు మంచపు కాళ్లవలె నిలిచియుండుట ఆమె చేయి చాచి చూపగా నవ్వు మానిరి; మరల ఆ పేరు మరువలేదు. అయితే, ఆ పేరు అంతవరకు మా ఇంట ఆమె యొక్కతెకే తెలిసియుండెను. మాకును తెలియదు. ఆమె ఆ రాత్రి డాబా యెక్కకున్న ఆ మాట మాకు దక్కెడిది కాదు.

వేసవి ఆకాశమునకును మన పంచాంగమునకును సంబంధము దగ్గరిది. చైత్రమున పున్నమి చంద్రుడు చిత్త యొద్దను, వైశాఖమున విశాఖ యొద్దను, జ్యేష్ఠమున జ్యేష్ఠ యొద్దను ఉండును. ఆ మాసములకు ఆ పేర్లు వచ్చినది అందువలననే. ఇరుగుపొరుగు తమిళుల చిత్తిరై, వైకాశి నెలలకును పేర్లిచ్చినవి ఈ చుక్కలే. కావున డాబామీదికి వారిని కూడ పిలువుడు. వారి పెండ్లిలోను అరుంధతిని చూపుదురు, మన పెండ్లిలోను చూపుదురు. పట్టపగటి ముహూర్తమున పురోహితుడు చూపిన అరుంధతిని చూచితిమని తలయూపిన దంపతులు, మే నెల రాత్రి వసిష్ఠుని ప్రక్కన ఆమెను నిజముగా చూడవచ్చును, ఫోటోలో నిలుపుకొనవచ్చును.

ఇక పని. మొదట పంచాంగము చూడవలెను. బహుళ దశమి మొదలు అమావాస్య మరునాటివరకు రాత్రి తొలిజాములందు వెన్నెల యుండదు. వేసవిలో దిగంతమున దుమ్ము హెచ్చు. ఒక వాన కురిసి వెలిసిన మరునాటి రాత్రి దొరకిన వదలరాదు. వీధిదీపములు కంట పడని డాబా గాని, చెరువుగట్టు గాని మేలు.

కెమెరాను చేత పట్టుకొనరాదు. మూడుకాళ్ల స్టాండు లేనివారు ఇసుక సంచిమీద ఆనించినను చాలును. బొత్తామును వ్రేలితో నొక్కినయెడల కెమెరా కదలును గనుక, రెండు సెకండ్ల తరువాత తానే తీయునట్లు టైమరు పెట్టవలెను. ఫ్లాషు ఆపవలెను. ఫోకసు అనంతదూరమునకు నిలుపవలెను. సెల్‌ఫోనులలో 'ప్రో' అను విభాగమున ఈ ఏర్పాట్లు ఉండును. ఐ.ఎస్.ఓ. 1600 చేసి, షట్టరును పది పదునైదు సెకండ్లు తెరచియుంచిన, కంటికి కనబడని చుక్కలు కూడ పడును. చిత్త నీలిఛాయ గల తెలుపనియు, స్వాతి నారింజవన్నె గలదనియు కెమెరా స్పష్టముగా చూపును.

పది పదునైదు సెకండ్లని ఏల అంటిమన, భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుచున్నది. ఎక్కువసేపు తెరచిన చుక్క గీతగా సాగును. పాత ఫిల్ము కెమెరా లెక్కలో 500ను లెన్సు మిల్లీమీటర్లచే భాగించిన సెకండ్లు వచ్చును: 50 మిల్లీమీటర్ల లెన్సుకు 10 సెకండ్లు, 25 మిల్లీమీటర్లకు 20. గీతలే కావలెనన్న, ఒక గంటసేపు వరుసగా చిత్రములు తీసి కంప్యూటరులో ఒకదానిపై నొకటి కూర్పవలెను. అప్పుడు చుక్కలన్నియు ధ్రువుని చుట్టు విల్లులవలె వంగిన గీతలగును.

మా మొదటి ప్రయత్నము పాడైన సంగతి చెప్పుట మంచిది. పిట్టగోడపై ఫోనును ఒక చెంబుకు ఆనించి గంటసేపు తీసితిమి. నలువది నిమిషములు బాగుగా జరిగినది. అంతట మేమే దాహము వేసి చెంబు తీసితిమి! చుక్కలన్నియు వానపాములైనవి. మరునాడు ఇసుక సంచి తెచ్చుకొంటిమి.

ఇప్పుడు అసలు విషయము. ధ్రువుడు దిగంతమునుండి ఎన్ని డిగ్రీల ఎత్తున నుండునో, ఆ ఊరి అక్షాంశము సుమారుగా అంతే. మధురలో 9.9 డిగ్రీలు, మన హోసూరులో 12.7; యానాములో 16.7, షోలాపురములో 17.7, ఒడిశాలోని బరంపురములో 19.3. దీనిని కొలుచుటకు వేరే పరికరము అక్కరలేదు. సప్తర్షులలో క్రతు, పులహుల నడిమి దూరము 5.4 డిగ్రీలు. మే నెల నడుమ ఇచ్చట రాత్రి ఎనిమిది గంటలకు ఆ రెండును ధ్రువునకు నేరుగా పైని, ఒకదాని క్రింద నొకటి నిలుచును. ఫోనును నిలువుగా పట్టి తీసిన దిగంతము, ధ్రువుడు, ఆ రెండు చుక్కలు ఒకే చిత్రమున ఇముడును. చుక్కల నడిమి దూరమును కాగితముపై కొలచి, దానితో ధ్రువుని ఎత్తును పోల్చుడు. మధురవారికి రెండింతలకు తక్కువ వచ్చును. బరంపురమువారికి మూడున్నరింతలు వచ్చును. లెన్సు అంచులలో కొంత సాగదీయును గనుక స్వల్పముగా తేడా యుండును. అయినను, ఒక డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్ల చొప్పున, మన రెండు ఊళ్ల ఉత్తర దక్షిణముల దూరము పిల్లలే లెక్కకట్టగలరు.

తరువాత దక్షిణమునకు తిరుగుడు. తొమ్మిదింబావు ప్రాంతమున సిలువవలె నాలుగు చుక్కలు నిలుచును. అది మన పురాణములలోని త్రిశంకువు. ఇక్కడను కాక, అక్కడను కాక వ్రేలాడువారమని మనవారిని ఎగతాళి చేయువారు ఈ పేరు వాడుట మీరు వినియేయుందురు. ఆ సిలువ అడుగుచుక్క మధురలో 17 డిగ్రీల ఎత్తునకు వచ్చును, హోసూరులో 14, బరంపురములో 7.6 మాత్రమే. ధ్రువుడు హెచ్చిన చోట త్రిశంకువు తగ్గును. రెండు ఎత్తులను కూడుడు: మధురలో 27, హోసూరులో 27, బరంపురములోను 27. ఉత్తరమున హెచ్చిన దానిని దక్షిణము సరిచేయుచున్నది. బరంపురము తూర్పున నుండుటచే అచ్చట త్రిశంకువు మనకంటె సుమారు అరగంట ముందుగా నడిదక్షిణమునకు వచ్చును. కావున చిత్రముపై గడియారపు వేళ తప్పక వ్రాయవలెను. దినమునకు నాలుగు నిమిషముల చొప్పున చుక్కలు ముందునకు జరుగును గనుక తేదియు వ్రాయవలెను.

ఒకరి చిత్రములో ఇది తెలియదు. అయిదూళ్ల చిత్రములు ప్రక్కప్రక్కన పెట్టిననే తెలియును. దీనికి పెద్ద దృష్టాంతము కలదు. 1887లో పారిస్‌లో చేరిన ఖగోళజ్ఞులు ఆకాశమంతటిని ఛాయాచిత్రములు తీయించి పట్టిక కట్టవలెనని నిశ్చయించి, ఆకాశమును పట్టీలుగా విభజించి సుమారు ఇరువది వేధశాలలకు పంచిరి. వానిలో హైదరాబాదులోని నిజామియా వేధశాల యొకటి. నవాబు జఫర్ జంగు 1901లో స్థాపించినది అది. దానికి వచ్చిన పట్టీ దక్షిణముగా 17 డిగ్రీలనుండి 23 డిగ్రీల వరకు. ఆ గాజుపలకలనుండి కొలచి ప్రకటించిన చుక్కలు ఏడున్నర లక్షలకు పైబడినవి. తన పట్టీని ఎవరికి వారు శ్రద్ధగా తీసినందున అందరికిని ఆకాశము దక్కినది.

ఆ వేధశాలలో ఉద్యోగము చేసిన ఒక మలయాళీ కుటుంబీకుని కుమారుడు 1927లో మద్రాసులో పుట్టి, హైదరాబాదులో చదివెను. 1949 వేసవిలో అమెరికాలో ఒక రాత్రి ఆకాశమునకు తీసిన గాజుపలకపై క్రొత్త తోకచుక్కను కనుగొనెను. ఆయనయే మనాలి కల్లట్ వేణు బాప్పు. మనకు తూర్పున నూరు కిలోమీటర్లకు కొంచెము మించిన దూరములో, జవ్వాది కొండలపై కావలూరు వేధశాలను నెలకొల్పినవారు ఆయన. ఆయన 1982లో గతించిరి. 1986లో ఆ వేధశాలకును, అచ్చటి పెద్ద దూరదర్శినికిని ఆయన పేరు పెట్టిరి. ఆ కుటుంబపు ఊరు ఒకటి, పెరిగిన ఊరు ఒకటి, పనిచేసిన కొండ ఒకటి. పని మాత్రము నిలిచినది.

మన సంగతియు ఆలోచింపుడు. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడును, 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడును, 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడును మన కుటుంబములు ఉన్నచోటనే యున్నవి. హద్దుల గీతలు మాత్రము జరిగినవి. చుక్కల గీతలు కూడ అట్టివే. చిత్రమున చుక్క నడచినట్లు కనబడును, నడచినది భూమి.

కావున మా మనవి. రాబోవు మే నెల నడుమ, వెన్నెల లేని ఒక రాత్రి, మధుర, హోసూరు, షోలాపురము, యానాము, బరంపురములలో మనవారు ఒక్కొక్క యింట ఉత్తరమునకు నొకటి, దక్షిణమునకు నొకటి చిత్రము తీయవలెను. ఊరు, తేది, వేళ వ్రాయవలెను. ఇంటి పెద్దలను అడిగి, ఆ చుక్కలకు వారు వాడు పేరు ఏదైనను, అది మొరటుగా తోచినను, పిల్లలచేత తెలుగు అక్షరములతో చిత్రము క్రింద వ్రాయింపవలెను. అన్నిటిని ఒకే పుటలో ముద్రింతుమని సంపాదకులు మాట ఇచ్చిరి. కెమెరాలు వచ్చు సంవత్సరమును ఉండును, చుక్కలును ఉండును. పేర్లు చెప్పు పెద్దలను మాత్రము ఈ వేసవిలోనే డాబా యెక్కించుడు. మెట్లెక్కలేనివారికి పెరటిలో మంచము వేయుడు.