మైదానపు అంచున నిలిచిన ఆటగాడు
(ప్లాటినం జూబ్లీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

ఉత్తీర్ణత శాతాలు, కట్టించిన గదులు, దాతల వివరాలు కార్యదర్శి గారి నివేదికలో మీరు విన్నారు. వాటిని మళ్ళీ చెప్పి మీ సహనాన్ని పరీక్షించను. నిన్న సాయంకాలం మన బడి వసారాలో జరిగిన ఒక చిన్న ముచ్చటతో ప్రారంభిస్తాను.

అరవై దాటిన ఇద్దరు పూర్వ విద్యార్థులు కాఫీ గ్లాసులు చేతబట్టుకొని గట్టిగా వాదించుకుంటున్నారు. ఏదో ఆస్తి తగాదా కాబోలనుకొని దగ్గరకు వెళ్ళాను. తీరా చూస్తే, తాము తొమ్మిదవ తరగతి చదివే రోజుల్లో తమ సహాధ్యాయి ఒకడు పక్క ఊరి జట్టుపై చేసిన గోల్ కుడికాలితోనా, ఎడమకాలితోనా అన్నది వారి వివాదం! ఆ సంవత్సరం తరగతిలో ప్రథముడుగా వచ్చినదెవరని అడిగాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ జ్ఞాపకం లేదు.

ఉపాధ్యాయురాలిగా నాకు కొంత చిన్నతనమనిపించిన మాట నిజమే. కాని రాత్రి ఇంటికి వెళ్ళాక ఆలోచిస్తే మా మేనమామ గుర్తుకు వచ్చారు. ఆయన ద్వారా నేనెరిగిన ఒక మహాక్రీడాకారుడు గుర్తుకు వచ్చాడు. ఆయన పేరు తులసీదాస్ బలరాం.

మా మేనమామ బాల్యం సికింద్రాబాదు లాలాగూడ రైల్వే క్వార్టర్లలో గడిచింది. వేసవి సెలవులకు ఆయన మా ఇంటికి వస్తే రాత్రి భోజనాలయ్యాక చింతపిక్కలు తెమ్మనేవారు. వాటిని నేలమీద రెండు జట్లుగా పేర్చేవారు. ఎడమ వైపు చిట్టచివర, అన్నింటికీ దూరంగా, ఒక పిక్కను ఒంటరిగా ఉంచి, "అమ్మాయ్, వీడే బలరాం. వీణ్ణి కదిలించకు. వీడెప్పుడు కదులుతాడో వీడికే తెలుసు" అనేవారు. నేను ఫుట్‌బాల్ మైదానం చూడక ముందే బలరాం ఆట చూశానంటే అతిశయోక్తి కాదు.

ఎడమ అంచున ముందు వరుసలో ఆడేవానిని లెఫ్ట్ వింగర్ అంటారు. బలరాం మధ్యన కూడా ఆడగలిగినా, మా మేనమామ మనసులో మాత్రం ఎప్పుడూ అంచునే ఉండేవాడు. సున్నపు గీత పక్కన నిలబడే ఆటగాణ్ణి చూసి తెలియనివారు, ఇతనికి ఆటలో పాలు లేదేమో అనుకుంటారు. కాని అతడు అక్కడ ఉన్నందువల్లనే ఎదుటి జట్టు రక్షకులు అటు జరగవలసి వస్తుంది. వారు జరిగితే మధ్యలో చోటు ఏర్పడుతుంది. బంతి తనకు రాని సమయంలో కూడా జట్టుకు చోటు కల్పించేవాడు అతడు. వచ్చినప్పుడు మెరుపులా పరుగెత్తి, గురి చూసి లోపలికి అందించేవాడూ అతడే.

బలరాం 1936 అక్టోబరు 4న సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో జన్మించారు. తల్లిదండ్రులది తమిళ కుటుంబం. పుట్టి పెరిగినది తెలుగునేల. ఆయనలోని ప్రతిభను గుర్తించిన గురువు ఉర్దూ చదువుల హైదరాబాదీ. కీర్తి తెచ్చినది బెంగాలీల కలకత్తా. కర్ణాటకలో నివసిస్తూ, తెలుగులో చదువుకుంటూ, తమిళనాడు సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న మన హెబ్బగోడి బిడ్డలకు ఈ జీవితం కొత్తగా తోచదని నా నమ్మకం.

ఆ గురువు పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. సహోపాధ్యాయ మిత్రులారా, ఈ మాట మీరు ప్రత్యేకంగా వినాలి. భారత ఫుట్‌బాల్‌కు స్వర్ణయుగం తెచ్చిన ఆ శిక్షకుడు వృత్తిరీత్యా బడిపంతులు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, హైదరాబాదు పాఠశాలల్లో పిల్లలకు పాఠాలు చెప్పినవారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలుచుకుంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలోని భారతజట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, చివరకు నాలుగవ స్థానంలో నిలిచింది. ఆ జట్టుతో వెళ్ళిన బలరాంకు అప్పటికి ఇరవై ఏళ్ళు.

రహీం కంట బలరాం పడిన వృత్తాంతాన్ని మా మేనమామ వందసార్లు చెప్పి ఉంటారు. బలరాం కూడా పెద్దయ్యాక దానిని కృతజ్ఞతతో చెప్పుకునేవారు. అమ్ముగూడలో ఆడుతున్న ఆ యువకుని ఆట రహీంకు నచ్చింది. హైదరాబాదుకు అభ్యాసానికి రమ్మన్నారు. రోజూ అంత దూరం వచ్చిపోయే స్తోమత తనకు లేదని ఆ యువకుడు చెప్పాడు. రహీం ఉపన్యాసం ఇవ్వలేదు, పట్టుదల ఉంటే మార్గం అదే దొరుకుతుందని నీతి చెప్పలేదు. సైకిలు అద్దెకు రోజుకొక రూపాయి ఏర్పాటు చేశారు. ఒక ఒలింపిక్ క్రీడాకారుని జీవితం ఆ రూపాయితో మలుపు తిరిగింది. ప్రతిభను గుర్తించడం ఉపాధ్యాయుని పనిలో సగం మాత్రమే. ఆ ప్రతిభకు అడ్డుపడుతున్నదేమిటో అడిగి తెలుసుకోవడం మిగిలిన సగం.

1957లో బలరాం కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరారు. ఆ జట్టు పక్షాన నూరుకు పైగా గోల్స్ చేశారు. 1961లో నాయకత్వం వహించి కలకత్తా లీగు గెలిపించారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన జట్టు చేసిన గోల్స్ మూడే మూడు. వాటిలో రెండు బలరాంవి. బలమైన హంగరీ జట్టుతో 1-2తో ఓడిన పోటీలో మనవైపు గోల్ ఆయనదే. పెరూపై చేసిన గోల్ కూడా ఆయనదే. ఆ తరువాత భారత ఫుట్‌బాల్ జట్టు మరే ఒలింపిక్స్‌కూ అర్హత సంపాదించలేకపోయింది.

1962లో జకార్తా ఆసియా క్రీడలు జరిగాయి. తొలిపోటీలో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిన మన జట్టు, తేరుకొని, జపానును 2-0తో గెలిచింది. అందులో ఒక గోల్ బలరాంది. సెప్టెంబరు 4న ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించి స్వర్ణపతకం సాధించింది. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్, పి.కె. బెనర్జీ ఆ రెండు గోల్స్ చేశారు. స్టేడియం నిండిన జనం మనకు వ్యతిరేకంగా కేకలు వేస్తుండగా సాధించిన విజయమది. ఆ జట్టులో మన బెంగుళూరు ఆటగాడు అరుమైనాయగం కూడా ఉన్నారని ఇక్కడి పిల్లలు గర్వంగా చెప్పుకోవచ్చు. పురుషుల ఫుట్‌బాల్‌లో ఆసియా క్రీడల స్వర్ణం మనకు మళ్ళీ రాలేదు.

తరువాతి కథ క్లుప్తమైనది. రహీం మాస్టారు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆయన జీవితంపై 2024లో హిందీలో చలనచిత్రం వచ్చాక గాని ఈ తరానికి ఆయన పేరు తెలియలేదు. బలరాం కూడా ఊపిరితిత్తుల వ్యాధి కారణంగా ఇరవై ఏడేళ్ళకే ఆట మానవలసి వచ్చింది. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం ముగ్గురినీ కలిపి ఆనాటి అభిమానులు త్రిమూర్తులనేవారు. చునీకి 1983లో, పి.కె.కు 1990లో పద్మశ్రీ లభించింది. బలరాంకు 1962 నాటి అర్జున పురస్కారం ఉంది గాని పద్మశ్రీ రాలేదు. హుగ్లీ తీరాన ఉత్తరపాడాలో ఒంటరిగా జీవించి 2023 ఫిబ్రవరి 16న పరమపదించారు.

ఆనాడు మా మేనమామ నాకు ఫోను చేశారు. "మన అంచువాడు వెళ్ళిపోయాడమ్మా" అన్నారు. ఆ పైన మాట పెగలలేదు. బలరాంను ఆయన చూసింది పన్నెండు, పదమూడేళ్ళ వయసులో. అదీ నాలుగైదు పోటీలలో మాత్రమే. ఒక్కసారైనా మాట్లాడి ఎరుగరు. అరవై ఆరు సంవత్సరాల తరువాత కూడా ఆ దుఃఖం ఇంటివాడు పోయినట్లే ఉంది. ఆనాటి ఆటలను నేటివలె ప్రతి కదలికా చిత్రీకరించేవారు కారు. బలరాం ఆట చాలావరకు చూసినవారి కళ్ళల్లో, వారు చెప్పే మాటల్లోనే మిగిలింది. చింతపిక్కలు పేర్చేవారు ఉన్నంతకాలమే ఆ ఆట ఉంటుంది.

మాన్యులారా, ఇంతవరకు ఒక గొప్పవాని గురించి చెప్పాను. ఇప్పుడు నా తప్పొకటి ఈ సభాముఖంగా చెప్పుకోవాలి.

సుమారు ఇరవై సంవత్సరాల క్రితం నేను ఇక్కడ సహాయోపాధ్యాయినిగా ఉన్నాను. పదవ తరగతి ఫలితాలు కొంత తగ్గాయి. అన్ని తరగతులకూ చివరి పీరియడులో ఆటలు మాని గణితం, ఆంగ్లం చెబుదామని సమావేశంలో ప్రతిపాదించినదాన్ని నేనే. అందరూ అంగీకరించారు. తల్లిదండ్రులు సంతోషించారు. ఫలితాలు కూడా పెరిగాయి. నన్ను అభినందించారు.

ఆ రోజుల్లో ఎనిమిదవ తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. బొమ్మసంద్ర కర్మాగారంలో పనికోసం అనంతపురం జిల్లా నుండి వలస వచ్చిన దంపతుల బిడ్డ. చదువులో వెనుకబడినవాడు, మితభాషి. మైదానంలో మాత్రం వేపచెట్టు వైపు గీత వెంట పరుగెత్తితే తోటి పిల్లలు ఆట మాని చూసేవారు. ఆటలు మానిపించిన రెండు నెలలకు వాడు బడికి రావడం తగ్గించాడు. సంవత్సరం చివరకు పూర్తిగా మానేశాడు. ఇంటి పరిస్థితులు కాబోలని రిజిస్టరులో పేరు కొట్టివేశాను. కొన్నేళ్ళకు వాళ్ళమ్మ బజారులో కనిపించి, ఏ కోపమూ లేకుండా, "చివరి పీరియడు కోసమే వచ్చేవాడు మేడమ్, అది పోయినాక పొద్దున లేపితే లేచేవాడు కాదు" అంది.

ఆ మాట నన్ను ఈనాటికీ వదలలేదు. రహీం మాస్టారు ఒక రూపాయి ఇచ్చి పిల్లవాణ్ణి మైదానానికి రప్పించారు. నేను ఒక పీరియడు తీసుకొని పిల్లవాణ్ణి బడికి దూరం చేశాను. వాడు బలరాం అయ్యేవాడని నేననడం లేదు. పదవ తరగతి వరకైనా చదివి ఉండేవాడు. నాకు అంతమాత్రం చాలు.

ఇప్పుడు నా విన్నపాలు. హెబ్బగోడి ఎంతగా మారిందో మీరెరుగుదురు. 2025లో మెట్రో రైలు కూడా మన ఊరి మీదుగా నడక సాగించింది. అడుగు నేలకు ధర పలుకుతున్నది. మన పూర్వ విద్యార్థులు ఎంతో ఉదారంగా కొత్త తరగతి గదులకు విరాళం ప్రకటించారు. వారికి శిరసా నమస్కరిస్తున్నాను. ఆ గదులను మైదానంలో కాక, ఉన్న భవనంపై అంతస్తుగా నిర్మించవలసిందని పాలకవర్గాన్ని ప్రార్థిస్తున్నాను. వ్యయం కొంత అధికమవుతుందని తెలుసు. కాని గది మళ్ళీ కట్టుకోవచ్చు, పోయిన మైదానం తిరిగి రాదు.

రెండవది, నా పరిధిలోనిది. ఈ సంవత్సరం నుండి ఆటల పీరియడును ఏ పాఠ్యాంశానికీ, ఏ పరీక్ష పేరుతోనూ ఇవ్వను. పదవ తరగతి పిల్లలకు కూడా ఇది వర్తిస్తుంది. తల్లిదండ్రులు నాపై కోపగించుకుంటే నా గదికి వచ్చి కోపగించుకోవలసిందిగా మనవి. మీకు చెప్పడానికి నా దగ్గర ఒక పిల్లవాని కథ ఉంది.

మూడవది పూర్వ విద్యార్థులకు. మన కార్యాలయంలో డెబ్బై ఐదేళ్ళ హాజరు పట్టికలు, మార్కుల పట్టికలు భద్రంగా ఉన్నాయి. ఈ నేలపై ఎవరు బాగా ఆడారో, ఎవరు పాడారో, ఎవరు పడిపోయినవానికి చెయ్యి అందించారో ఒక్క కాగితమైనా లేదు. అవి మీ మనసుల్లోనే ఉన్నాయి. వెళ్ళేలోగా గ్రంథాలయంలో ఉంచిన పుస్తకంలో మీకు జ్ఞాపకమున్న ఒక్కొక్కరి గురించి నాలుగు మాటలు వ్రాసి వెళ్ళండి. కుడికాలో ఎడమకాలో తేలకపోతే రెండూ వ్రాయండి.

గీత పక్కన నిలబడే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వారివైపు ఒకసారి చూడటం, వారిని ఆపుతున్నదేమిటో అడగటం మన విధి. ఆ విధిని నేనొకసారి మరచాను. మీరు మరువవద్దని కోరుతున్నాను.