గ్రామ రక్షణలో పంచాయతీ పాలు



గ్రామ సచివాలయములు 2019 అక్టోబరు 2న నాటి తూర్పు గోదావరి జిల్లాలోని కరపలోనే ఆరంభమైనవి. ఠాణాకు పోవ జంకు స్త్రీ తన గోడు ఊరిలోనే చెప్పుకొనుటకై వానిలో మహిళా పోలీసులను నియమించిరి.

అయినను పోలీసు ఒక్కరే ఊరును కాపాడజాలరు. వీధిదీపముల బాధ్యతను 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము పంచాయతీలకే అప్పగించినది. కాలువగట్టున దీపమారినచో ముందుగా తెలియునది వార్డు సభ్యునికే గదా!

ఇంకొక మాట కటువుగా తోచవచ్చును. ఆడపిల్లపై అఘాయిత్యము జరిగినప్పుడు ‘ఊరి పరువు’ పేరిట రచ్చబండపై రాజీ కుదుర్చు పెద్దలు గలరు. ఎవరి పరువది? అట్టి నేరమును రాజీచేయు అధికారము పంచాయతీకి లేదు. వెంటనే 112కు ఫోను చేయుడు. బాధితురాలికి తోడుగా ఠాణాకు వెళ్ళుడు. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన నాగరిక సురక్షా సంహిత ననుసరించి, నేరము ఏ ఠాణా పరిధిలో జరిగినను ఫిర్యాదు తీసికొనవలసినదే. ‘మా పరిధి కాద’న్నచో ఈ సంగతి వినయముగనే జ్ఞాపకము చేయుడు.