గంజాయి మందే కావచ్చు, మూట మోస్తే మాత్రం జైలే



"విదేశాల్లో గంజాయితో మందులు చేస్తున్నారు, మనం మోస్తే తప్పేంటి?" అంటాడు దళారి. అందులో సగం నిజమే. ఈ మొక్కలోని సీబీడీతో చేసిన ఎపిడియోలెక్స్‌ను కొన్ని రకాల మొండి మూర్ఛలకు 2018లో అమెరికా ఆమోదించింది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో కండరాలు బిగుసుకుపోతే కొన్ని దేశాల్లో వాడే సాటివెక్స్ కూడా దీన్నుంచి వచ్చిందే. కానీ అవి పరీక్షించి, కొలిచి, డాక్టరు రాసిచ్చే మందులు. చిలుం పీలిస్తే వైద్యం అయిపోదు.

మనోళ్ల ఇళ్లల్లో సికిల్ సెల్ నొప్పులున్నాయి. వాటికి గంజాయి పనిచేస్తుందని గట్టి రుజువు ఇంకా లేదు. హైడ్రాక్సీయూరియా పనిచేస్తుందని ఉంది. ఆ గోలీ మీ పీహెచ్‌సీలో దొరుకుతోందా? రక్తపరీక్ష చేస్తున్నారా? మనం నిలదీయాల్సింది దీని గురించి.

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 20 కిలోలు దాటితే కనీసం 10 ఏళ్ల జైలు. పాడేరు, చింతపల్లి కొండల్లో మూట మోసేది మన పిల్లలు. పెట్టుబడి పెట్టినోడు దొరకడు.

అదే చట్టంలో వైద్యం కోసం లైసెన్సుతో సాగుకు దారి కూడా ఉంది. రేపు ఆ దారి తెరిస్తే ముందు మన గ్రామసభను అడగాలి. అప్పటిదాకా ఆ మూట ముట్టుకోవద్దు.

జై ఆదివాసీ!